మా అత్తగారింటి గోడ మీది ఫోటో

మా ఊరి పోచమ్మ తల్లి మీద ఒట్టు, ఇప్పుడు చెప్పబోయేదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నన్నెరిగినవాళ్లు ఈ మాట చదవగానే మూతి బిగబట్టి నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోండి. ఒంటె మీద నిద్రపోయి పక్క దేశంలో లేచానని ఒకప్పుడు చెప్పినవాణ్ణే నేను. ఇది ఆ బాపతు కాదు. ఇది నిజంగా నా నెత్తిన పడిన ఘోరం. ఇందులో ఎవరూ చావలేదు, ఎవరి ఎముకా విరగలేదు. పోయింది నా పరువొక్కటే. అదైనా ఒక దేశంలో పోయి ఊరుకుందా అంటే, ఒమాన్‌లో మొదలై, విమానమెక్కి వచ్చి, జగిత్యాల అవతల మా అత్తగారి ఊళ్లో పూర్తిగా పోయింది.

ముందు గంగారాం సంగతి చెప్పాలి. గంగారాం నా తోడల్లుడు. పెద్దమ్మాయిని నేను చేసుకున్నాను, చిన్నమ్మాయిని వాడు చేసుకున్నాడు. తోడల్లుడంటే ఏమిటో పెళ్లయినవాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. పెళ్లికానివాళ్లకు చెప్పినా ఎక్కదు. రెండు ఎద్దులను ఒకే గాటికి కట్టేసి, ఒకదాని ముందు పచ్చగడ్డి, రెండోదాని ముందు ఎండుగడ్డి వేస్తే ఆ రెండో ఎద్దు ఎటు చూస్తుందో, అత్తగారింట్లో నేను అటే చూసేవాణ్ణి.

తొంభైల్లో మేమిద్దరం మస్కట్ పక్కన ఘాలాలో ఒకే కంపెనీలో కాంక్రీటుకు చెక్క పలకలు బిగించే షట్టరింగ్ కార్పెంటర్లం. ఒకే క్యాంపు, ఒకే రూమ్, ఒకే ఇనుప మంచం. పైన నేను, కింద వాడు. వాణ్ణి ఆ కంపెనీకి తెచ్చిందే నేను. తెచ్చినవాడు పైమంచం మీద ఫ్యానుకు తల తగలకుండా పాములా పాకుతుంటే, వచ్చినవాడు కింద కాళ్లు జాపుకుని పడుకునేవాడు. ఫోర్‌మన్‌కు వాడంటే ఇష్టం. మెస్‌లో వంట చేసే మలయాళీకి వాడంటే ఇష్టం. క్యాంపులో పిల్లికి కూడా వాడంటేనే ఇష్టం. గంగారాంలో నాకు నచ్చని గుణం ఒక్కటే ఉంది: వాడు మంచివాడు. చెడ్డవాడైతే హాయిగా తిట్టుకునేవాణ్ణి. మంచివాడి మీద కుళ్లుకోవడం ఎంత కష్టమో చూడండి, ఆ కష్టమంతా మనమే పడాలి, వాడు చెయ్యి కూడా కలపడు.

అలాంటివాడు ఒక శుక్రవారం మలయాళీతో మస్కట్ వెళ్లి, సుల్తాను గారి రాజభవనం ముందు నిలబడి ఫోటో దిగి ఊరికి పంపాడు. వెనకాల నీలం, బంగారు రంగుల స్తంభాలు. ముందు వీడు, చేతులు కట్టుకుని, కట్టింది తనే అన్నట్టు.

ఆ రోజుల్లో ఉత్తరాలకన్నా క్యాసెట్లు ఎక్కువ నడిచేవి. ఇంట్లోవాళ్లు టేపురికార్డరు ముందు కూర్చుని మాట్లాడి, ఎవరైనా వచ్చేవాళ్ల చేత పంపేవారు. మా ఆవిడ క్యాసెట్ వచ్చింది. రూమ్‌లో అందరి ముందూ గొప్పగా పెట్టాను.

"ఏమండీ, మంచిగున్నరా. మా అమ్మ చెల్లె మొగుని ఫోటో పెద్దగ చేయించి గోడకు పెట్టింది. చిన్నల్లుడు రాజుగారి కచేరిల ఉన్నడని వాడకట్టంత చెప్తున్నది. మీ ఫోటో ఏదీ అని అందరు అడుగుతున్నరు. మీరు పంపింది ఉన్నది గానీ, గండ్ల మీరు కట్టెల కుప్ప పక్కన నిలబడ్డరు. మా నాయిన చూసి, పాపం పెద్దల్లుడు అడవిల పనిచేస్తున్నడా అన్నడు. తమ్ముని పెండ్లికి వస్తరు గదా. అప్పటిదాంక ఒక మంచి ఫోటో పంపుండ్రి."

రూమంతా నవ్వింది. గంగారాం ఒక్కడే నవ్వలేదు. "అన్నా, నా ఫోటో తీసేయుమని రాస్తా" అన్నాడు. చూశారా వాడి దుర్మార్గం. మనం తిట్టడానికి నోరు తెరిచేలోపే అందులో చక్కెర పోస్తాడు.

మా బామ్మర్ది పెళ్లి దగ్గర పడుతోంది. ఆ పెళ్లిలో పెద్దల్లుడి హోదాలో ముందు వరుసలో కూర్చోవాల్సింది నేను. కూర్చుంటే ఎదురుగా గోడ మీద గంగారాం. వాడికి సెలవు దొరకలేదు కాబట్టి మనిషి ఇక్కడే ఉంటాడు. మర్యాద మాత్రం అక్కడ జరిగిపోతుంది. నేను ఆ ఫోటో కింద కూర్చుని భోంచెయ్యాలి. అది నా వల్ల కాదు. అప్పుడే ఒక నిర్ణయానికొచ్చాను. వాడు భవనం బయట నిలబడ్డాడు. నేను లోపల కూర్చుంటాను. ఏ భవనం, ఎలా లోపలికి పోవాలి అనేవి చిల్లర విషయాలు.

అవకాశం ఇట్టే వచ్చింది. సూర్‌లో కొత్త సైట్‌కు మా ఇద్దరినీ పంపారు. కంపెనీ పికప్ నడిపేది షబ్బీర్ భాయ్, కడపవాడు, ఒమాన్‌లో ఏ రోడ్డు ఎక్కడ మలుపు తిరుగుతుందో, ఏ హోటల్లో చాయ్ బాగుంటుందో తెలిసినవాడు. మలయాళీని బతిమాలి కెమెరా తెచ్చుకున్నాను.

బండిలో షబ్బీర్ స్టీరింగ్ దగ్గర, గంగారాం కిటికీ దగ్గర, నేను మధ్యలో, గేరు రాడ్డు మోకాళ్ల నడుమ.

"రాజన్నా, కిటికీ కాడ నువ్వు కూసో" అన్నాడు గంగారాం.

"అక్కర్లే. నాకిక్కడ సుఖంగనే ఉన్నది."

"గేరు తాకుతలేదా?"

"తాకనీ. నీకేం బాధ?"

వాడిచ్చిన కిటికీ నాదెలా అవుతుంది? దారి పొడవునా గడ్డిపోచ లేని కొండలు, మధ్య మధ్య ఖర్జూరపు తోటలు. అవన్నీ వాడు చూశాడు. నేను వాడి చెవి చూశాను.

కొంత దూరం పోయాక వాడు మెల్లగా, "అన్నా, కెమెరా ఒక్కసారి ఇస్తవా? ఒక్కటి కొడ్త" అన్నాడు. పెద్ద మనసు చూపించుకునే సరదాలో ఇచ్చాను. అదే నేను చేసిన మొదటి తప్పు. చెట్టెక్కిన మేకలను కొట్టాడు. చాయ్ తాగుతున్న షబ్బీర్‌ను కొట్టాడు. మళ్లీ మేకలు.

"ఎన్ని మిగిలినయ్‌రా?"

"ఒక్కటున్నదన్నా. మేకలు మస్తు నిలబడ్డయ్."

రీలంతా మేకలకు పోయి, పెద్దల్లుడి పరువుకు ఒక్క బొమ్మ మిగిలింది. కెమెరాను మెడలో వేసుకుని, రెండు చేతులా పట్టుకున్నాను. బాలింత కూడా బిడ్డనలా పట్టుకోదు.

అలా పోతుండగా ఒక ఊళ్లో బండి పొగలు కక్కి ఆగింది. ఆ ఊరి పేరు చెప్పను, కారణం ముందుకెళ్లాక మీకే తెలుస్తుంది. షబ్బీర్ బానెట్ ఎత్తి చూశాడు.

"బెల్టు తెగిందప్పా. గ్యారేజీలో యేయించుకోవాల. మీరు యాడికీ పోవద్దండి. పోయినా పని పెట్టుకోవద్దండి."

ఆ గ్యారేజీకి ఎదురుగానే కనిపించింది నా భవనం. తెల్లగా, కోట మాదిరి, పైన జెండా, ముందు రెండు పాత ఫిరంగులు, ఏనుగు దూరేంత చెక్కుడు తలుపు. ఆ తలుపులోంచి జనం దర్జాగా లోపలికి పోతున్నారు, వస్తున్నారు. టికెట్ లేదు, ఆపేవాడు లేడు. తుపాకీ పట్టుకున్న కాపలాదారు కూడా అందరినీ చూసి చెయ్యూపుతున్నాడు. చూడ్డానికి వచ్చినవాళ్ల కోసం తెరిచిపెట్టిన కోట అనుకున్నాను. మీరైనా అదే అనుకునేవారు.

సీటు వెనక ప్లాస్టిక్ కవరులో తెల్లటి దిష్‌దాషా ఉంది. దిష్‌దాషా అంటే అక్కడివాళ్లు తొడుక్కునే చీలమండల దాకా ఉండే అంగీ. పైన ఎంబ్రాయిడరీ టోపీ కూడా.

"షబ్బీర్ భాయ్, గిదెవలిది?"

"నాదే. మా పాత అర్బాబ్, అదే మా సేటు, పండక్కి ఇచ్చె."

"నేనొక్కసారి తొడుక్కోనా? ఫోటో దిగి ఇస్తా."

"నువ్వు యేసుకుంటే ఏమైతాదో తెలుసునా నీకు?"

"ఏమైతది?"

"నాకూ తెలీదు. అందుకే నేనింతవరకూ యేసుకోలే."

నేను వేసుకున్నాను. గ్యారేజీ అద్దంలో చూసుకుంటే, నా అంతటివాడికి నేనే సలాం కొట్టాలనిపించింది. గంగారాం మామూలు గళ్ల చొక్కా, ప్యాంటు. పక్కన నడుస్తుంటే నా నౌకరులా ఉన్నాడు. జీవితంలో మొదటిసారి వాడి పక్కన నడవడం బాగుంది.

తలుపు దగ్గర చెప్పులు వదిలి లోపలికి అడుగుపెట్టాం. పెద్ద హాలు, గోడల పొడవునా తివాచీలు, వాటి మీద వరుసగా గడ్డాలూ తలపాగాలూ చేతికర్రలూ. నన్ను చూడగానే హాలు హాలంతా లేచి నిలబడింది.

మళ్లీ చదవండి. హాలంతా, నన్ను చూసి, లేచి నిలబడింది. మా అత్తగారింట్లో నేనొస్తే కుక్క కూడా లేచేది కాదు.

ఒక్కొక్కరికీ చెయ్యి కలుపుతూ పోయాను. "చూసినవా?" అన్నాను గంగారాంతో చెవిలో.

"నేను సుత వచ్చిన గదన్నా నీతోని."

"లేచింది నన్ను చూసి. నీకు చెయ్యిచ్చింది నా ఎనక ఉన్నవని."

ఎవరొచ్చినా లేచి చెయ్యి కలపడం అక్కడి పద్ధతని నాకు తర్వాతగానీ తెలియలేదు. మేం కూర్చున్నాక మరొకతను వస్తే కూడా అందరూ లేచారు. అతనెవరో నాలాంటి గొప్పవాడే అనుకున్నాను.

ఖర్జూరాలొచ్చాయి. చిన్న చిన్న కప్పుల్లో కాఫీ వచ్చింది. గంగారాం ఒకటి తాగి, పక్కవాణ్ణి చూసి కప్పును అటూ ఇటూ ఊపి ఇచ్చేశాడు. నా కప్పు మాత్రం ఖాళీ అయినప్పుడల్లా నిండుతోంది. "చూసినవా? నీకు ఆపిండ్రు, నాకు పోస్తనే ఉన్నరు" అన్నాను. కప్పు ఊపితేనే ఇక చాలని అర్థమట. అదీ తర్వాతే తెలిసింది. అప్పటికి మాత్రం ఒక్కొక్క కప్పూ గంగారాం మీద ఒక్కొక్క గెలుపు. నేను గెలుస్తూనే పోయాను.

పక్కనున్న ముసలాయన చేతికర్ర మీద గడ్డం ఆనించి, అరబ్బీలో ఏదో ఆప్యాయంగా అడిగాడు. నాకొచ్చిన అరబ్బీ సైట్ అరబ్బీ: మేకు తే, పలక ఎత్తు, రేపు రా. ఆయన ఏ ఊరు, ఏం కబుర్లు అని అడిగినట్టుంది. నేను "మాఫీ" అన్నాను. అంటే ఏమీ లేదని. ఆయన నా భుజం తట్టి, ఇంకో ఖర్జూరం ఇచ్చాడు. ఊరూ పేరూ కబురూ ఏమీ లేనివాడి మీద జాలిపడ్డాడనుకుంటాను.

ఇంతలో ఒక విచిత్రం గమనించాను. హాలు ఆ చివర ఒక పెద్దమనిషి కూర్చున్నాడు. నడుముకు వెండి ఒరలో వంకర కత్తి, భుజాల మీద అంచు కుట్టిన పలుచటి శాలువా. ఆయన పక్క కూర్చున్నవాడు కాసేపు మాట్లాడి లేచిపోతే, మిగిలినవాళ్లంతా ఒక్కొక్క జాగా ముందుకు జరుగుతున్నారు. మమ్మల్నీ జరిపారు. ఆయనతో ఫోటో దిగడానికి ఇది వరుస అనుకుని, నేనే ఉత్సాహంగా జరిగాను. గంగారాం నా అంగీ పట్టుకుని లాగాడు.

"అన్నా, వీళ్లంత మొఖాలు ముడుచుకోని ఉన్నరు. ఒకాయిన ఏడుస్తున్నడు. ఫోటోకచ్చినోళ్ల లెక్క లేరు. పోదాం నడువ్."

"ముందటికచ్చినంక పోదామంటవేందిరా? నాకు మంచి జరుగుతుంటె నీకు సహించదు."

ఈ మాట నేను వాడితో అన్నాను. ఎవరు ఎవరితో అన్నారో గుర్తుపెట్టుకోండి.

మా వంతు వచ్చింది. పెద్దమనిషి నా కళ్లలోకి చూసి ఏదో అడిగాడు. నేను పళ్లన్నీ కనిపించేలా నవ్వి కెమెరా చూపించాను. ఆయన పక్కన కాగితాలు పట్టుకుని కూర్చున్న గుమాస్తా బలూచీవాడు. నా మొహం చూసి హిందీలోకి దిగాడు.

"వాలీ సాబ్ పూఛ్ రహే హైఁ. తుమ్హారా షికాయత్ క్యా హై? కిస్కే ఖిలాఫ్?"

నీ ఫిర్యాదేమిటి, ఎవరి మీద అని. కాళ్ల కింద తివాచీ జారిపోయింది. వాలీ అంటే ఆ ప్రాంతానికంతటికీ ప్రభుత్వ పెద్ద. అది చూడ్డానికి తెరిచిన కోట కాదు, ఆయన కచేరి. ఆ కూర్చున్నవాళ్లంతా పొలం గట్ల గొడవలు, నీటి కాలవ గొడవలు చెప్పుకోవడానికి వచ్చినవాళ్లు. నేను ఫిర్యాదుదారుల వరుసలో, అరువు అంగీలో, కాఫీతో కుండలా నిండి కూర్చున్నాను. ఊరికే చూడ్డానికొచ్చానంటే ఆయన విలువైన పొద్దు పాడుచేసినందుకు ఏం చేస్తారో. వేషం వేసుకొచ్చానంటే ఇంకేం చేస్తారో. సెలవు పోయినట్టే, బామ్మర్ది పెళ్లి పోయినట్టే, ఇక గోడంతా గంగారాందే.

ఆ పేరు తలుచుకోగానే నా చెయ్యి దానంతటదే లేచి పక్కకు చూపించింది.

"ఇస్కే ఖిలాఫ్" అన్నాను. వీడి మీదే.

గంగారాం నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. పాలిచ్చే ఆవును తన్నితే అలాగే చూస్తుంది.

వాలీ సర్దుకుని కూర్చున్నాడు. గుమాస్తా నోటి మీదుగా విచారణ మొదలైంది.

"ఇతను నీ సొమ్ము తీసుకున్నాడా?"

"లేదు సాబ్."

"కొట్టాడా?"

"లేదు."

"తిట్టాడా?"

"తిట్టడు సాబ్. ఎంత తిట్టిచ్చుకుందామన్నా తిట్టడు. అదే నా బాధ."

"మరి నీదేం తీసుకున్నాడు?"

"గోడ."

"గోడా? ఎక్కడి గోడ?"

"మా అత్తగారింట్ల గోడ."

ఇక దాచేదేముంది. వచ్చీరాని హిందీలో అంతా చెప్పేశాను. తోడల్లుడి ఫోటో, నీలం స్తంభాలు, కట్టెల కుప్ప, కింది మంచం, క్యాంపు పిల్లి, చివరికి మేకలు కూడా. గుమాస్తా ఒక్కొక్క ముక్కా అరబ్బీలోకి మార్చి చెబుతుంటే హాలంతా మా వైపు తిరిగింది. తర్వాత ఒక గడ్డం కదిలింది. ఆ పక్క గడ్డం కదిలింది. కాసేపటికి గోడ పొడవునా గడ్డాలన్నీ గాలికి వరి చేనులా ఊగాయి. అప్పటిదాకా ఏడుస్తున్నాయన కూడా కళ్లు తుడుచుకుని ముందుకు జరిగాడు.

వాలీ నవ్వలేదు. గంగారాం వైపు తిరిగాడు. "నువ్వేమంటావు?"

"నిజమే సాబ్" అన్నాడు గంగారాం. "అన్నకు దుఃఖమైతున్నదని నాకు తెల్వదు. ఆ ఫోటో తీసేపిస్త. కింది మంచం సుత ఇస్త."

"చూశారా సాబ్" అన్నాను నేను. "ఇట్లనే చేస్తడు."

చేతికర్ర ముసలాయన ఉండబట్టలేక లేచాడు. ఆయనకూ సూర్‌లో ఒక తోడల్లుడున్నాడట. వాడి పడవ ఈయన పడవకన్నా జానెడు పొడుగట. గుమాస్తా ఆ సంగతి నాకు హిందీలో చెప్పగానే, ముసలాయన, నేను ఒకరి చేతులొకరం పట్టుకుని అలాగే ఉండిపోయాం. భాష లేకపోయినా కడుపుమంటకు కడుపుమంట తెలుస్తుంది.

వాలీ చివరికి నా అంగీని పైనుంచి కిందికి చూశాడు. "ఈ బట్టలెందుకు?"

"ఫోటో కోసం సాబ్. రీల్ల ఒక్కటే మిగిలింది."

అప్పుడు తీర్పు చెప్పాడు. "తమ్ముణ్ణి మధ్యలో కూర్చోబెట్టు. పెద్దవాడివి నువ్వు ఒక పక్కన, నేనొక పక్కన. నీ చెయ్యి వాడి భుజం మీద ఉండాలి. పెద్దరికమంటే అది. ఆ ఫోటో మీ అత్తగారికి పంపు."

గుమాస్తా కెమెరా అందుకున్నాడు. మధ్యలో గంగారాం, ఒక పక్క సాక్షాత్తూ వాలీ, రెండో పక్క నేను. చెయ్యి భుజం మీద వేశాను గానీ, మధ్య జాగా వాడికే దక్కినందుకు కళ్లు మాత్రం వాడి మీద నిప్పులు కురిపిస్తూనే ఉన్నాయి. టక్కుమంది. రీలు అయిపోయింది.

బయటికొచ్చాక షబ్బీర్ విషయమంతా విన్నాడు. "పని పెట్టుకోవద్దంటి గదప్పా" అని, సూర్ చేరేదాకా నవ్వుతూనే బండి నడిపాడు.

ఫోటో కడిగించి పంపాను. వెనకాల ఒక్క ముక్క రాయలేదు. నా మొహానికి వివరణ ఎందుకనుకున్నాను. రాజభవనం బయట నిలబడ్డవాడెక్కడ, వాలీ సరసన కూర్చున్న నేనెక్కడ.

సెలవు మీద వచ్చి అత్తగారింట్లో అడుగుపెట్టేసరికి పెళ్లి జనం కిటకిటలాడుతున్నారు. గోడ మీద పాత ఫోటో లేదు. దాని స్థానంలో నేను పంపింది, కిటికీ అంత పెద్దది చేయించి, చెక్క ఫ్రేము కట్టించి, చుట్టూ మామిడాకులు కట్టారు. నా ఛాతీ ఉబ్బి చొక్కా గుండీలు కొట్టుకున్నాయి. దాని కింద మా అత్త, చుట్టాలందరినీ పోగేసి చూపిస్తోంది.

"గీ నడుమ కూసున్నది మా చిన్నల్లుడు. ఇటు పక్క ఆ దేశం రాజు. అటు పక్క మంత్రి. మంత్రి చెయ్యి చూసిన్రా, మా గంగారాం భుజం మీదనే ఉన్నది."

గుండీలు శాంతించాయి.

"అత్తా, ఆ మంత్రి నేను" అన్నాను.

అత్త నా వైపు తిరిగింది. ఫోటో వైపు తిరిగింది. "ఊకో అల్లుడా. నువ్వు ఒంటె మీద పండి వేరే దేశంల లేచినన్నవు, నమ్మినం. గిప్పుడు మంత్రినంటవా? గిసొంటి కోతలు పెండ్లిల కొయ్యకు, నవ్వుతరు."

"ఒట్టు అత్తా. అంగీ అరువుది."

"ఆయన మొఖం చూడు. ఎంత కోపిష్టో. కండ్లల్ల నిప్పులు. నువ్వట్ల ఉంటవా? నువ్వు పాపం మంచోనివి."

మామ కళ్లద్దాలు పెట్టుకుని దగ్గరికెళ్లి చూసి, అరబ్బులంతా ఒక్క తీరే ఉంటారని తేల్చేశాడు. చివరి ఆశ మా ఆవిడ. ఆమె చాలాసేపు చూసింది. నా మొహం, ఫోటో, మళ్లీ నా మొహం.

"మంత్రి ఎవలో నాకు తెల్వది" అంది మెల్లగా. "గానీ ఆ కడుపుమంట చూపు మాత్రం మనింట్లదే."

ఆ రోజు నేను ఆ ఫోటో కిందే కూర్చుని భోంచేశాను. మొదటి మాంసం ముక్క గంగారాం పేరు చెప్పి వాడి కొడుక్కి వేశారు.

కాబట్టి సకల తోడల్లుళ్ల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. నా కంఠంలో ప్రాణముండగా, నా మొహం నాదని వెనకాల రాయకుండా ఏ ఫోటోనూ ఏ గడపా దాటించను. తోడల్లుడి చేతికి కెమెరా ఇవ్వను. తలుపు తెరిచి ఉంది కదా అని ఏ భవనంలోకీ దూరను. కాఫీ కప్పును మొదటి గుక్కకే ఊపేస్తాను.

ఇక మొదట్లో వేసిన ఒట్టు సంగతి. అంతా నిజమే. పోచమ్మ తల్లి ఒక్క ముక్కకు మాత్రం క్షమించాలి. ఆ దిష్‌దాషా షబ్బీర్‌ది కాదు, ఏ అర్బాబూ ఇచ్చింది కాదు. ఫోటో కోసమని ముందే నేనే బజారులో కొనుక్కుని, గంగారాంకు తెలియకుండా బండి సీటు వెనక దాచి, తనదేనని చెప్పమని షబ్బీర్‌ను బతిమాలుకున్నాను. పెళ్లినాడు కూడా అది నా సూట్‌కేసులోనే ఉంది.

మరి అప్పుడే తొడుక్కుని వచ్చి అందరి నోళ్లూ మూయించొచ్చు కదా అంటారు. తొడుక్కున్నాను. గుండీలు కూడా పెట్టుకున్నాను. గది తలుపు దాకా వచ్చి, బయటి జనాన్ని చూసి ఆగిపోయాను. నేను బయటికొస్తే వాళ్లేమంటారో నాకు వినిపించేసింది: "గంగారాం దోస్తు మంత్రి, పెండ్లికి గూడ వచ్చిండు."

విప్పేసి మడత పెట్టాను. ఇప్పటికీ పెట్టె అడుగున ఉంది. గంగారాంకు మాత్రం చెప్పకండి. వాడూ ఒకటి కొనుక్కుంటాడు, వాడికది బాగుంటుంది కూడా.